గుత్తి కేశవపిళ్లె: గుంతకల్లు గేటు హత్య, తెల్లవాడి జూరీ, ఒక వకీలు

కోసిగి నుంచి ఆదోని మీదుగా గుంతకల్లు పోయే రైలు దారి 1871 నాటికే నడుస్తోంది. మద్రాసును రాయచూరుతో కలిపిన దారి అది. అప్పట్లో కోసిగి, ఆదోని బళ్లారి జిల్లాలో ఉండేవి, 1953లో కర్నూలుకు వచ్చాయి. గుత్తి, గుంతకల్లు అనంతపురం వైపు. జిల్లాలు వేరైనా బతుకులు ఒకటే: నల్లరేగడి, పత్తి, కరువు, రైలు పట్టాల వెంబడి కూలి. ఆ పట్టాల పక్కనే ఒక గేటు దగ్గర 1893లో జరిగిన హత్య గురించి, దాన్ని దేశం ముందు పెట్టిన వకీలు గురించి మేము ఇక్కడ రాస్తున్నాం. అత్యాచారం కేసుల్లో శిక్ష ఎంత ఉండాలి, నిందితుడికి వాదించుకునే హక్కు ఎంత వరకు ఉండాలి అని ఈరోజు మన మధ్య వాదన వచ్చినప్పుడల్లా ఆ వకీలు జీవితం పనికొస్తుందని మా నమ్మకం.

ఆయన పేరు పట్టు కేశవపిళ్లె. 1860 అక్టోబరు 8న పుట్టారు. ఇంటి మాట తమిళమే అయినా ఆయన ఊరు గుత్తే అయింది, చివరికి పేరు ముందు ఊరు అతుక్కుని గుత్తి కేశవపిళ్లె అయ్యారు. కోర్టులో ప్లీడరు. హిందూ పత్రికకు గుత్తి విలేఖరి. 1876-78 కరువు ఈ సీమను ఊడ్చిపెట్టిన తర్వాతి కాలమది. రైతు అడవిలో మేకను మేపినా, కట్టె కొట్టినా ఫారెస్టు వాళ్లు పట్టుకునే రోజులు. ఆయన రాతలకు ఇవన్నీ ముడిసరుకు. 1885లో బొంబాయిలో కాంగ్రెసు మొదటి సభ జరిగితే, ఈ ఎండు నేల నుంచి అక్కడికి వెళ్లిన వాళ్లలో ఆయనొకరు. అప్పటికి వయసు పాతికే.

ఒక మాట ముందే చెప్పాలి. కేశవపిళ్లె దళిత నాయకుడు కాదు. ఆయనను మన వాడిగా చేసుకోవాలని మేము ఈ వ్యాసం రాయడం లేదు. ఆయనకు దివాన్ బహదూర్ బిరుదు కూడా వచ్చింది. కానీ ఒక గేటు కాపలావాడి చావును ఆయన చిన్న సంగతిగా వదిలేయలేదు. మాకు కావలసింది ఆ పని.

ఆ పని అర్థం కావాలంటే పదేళ్లు వెనక్కి పోవాలి. 1883లో ఇల్బర్టు బిల్లు వచ్చింది. మఫసిల్లో భారతీయ జడ్జీలు కూడా తెల్లవాళ్ల మీద కేసులు విచారించవచ్చని ఆ బిల్లు సారాంశం. దేశంలోని తెల్ల సమాజమంతా భగ్గుమంది. వాళ్ల వాదనలో ముందు వరసలో ఉన్నది తెల్ల స్త్రీల మానం. నల్ల జడ్జి ముందు మా ఆడవాళ్లు సాక్ష్యం చెప్పాలా అని సభలు పెట్టారు. ప్రభుత్వం తగ్గింది. 1884లో రాజీ చట్టం చేసింది: జిల్లా స్థాయి భారతీయ అధికారి విచారించవచ్చు, కానీ తెల్ల నిందితుడు అడిగితే జూరీలో కనీసం సగం మంది యూరోపియన్లో అమెరికన్లో ఉండాలి. మరణశిక్షో యావజ్జీవ ప్రవాసమో పడగల నేరమైతే, జిల్లా కోర్టుకు అధికారమే లేదు, హైకోర్టుకు పంపాల్సిందే. ఆ రక్షణ నల్ల నిందితుడికి లేదు. అతనికి జిల్లా సెషన్స్ కోర్టు చాలు.

1893 అక్టోబరు 4న గుంతకల్లులో కొందరు తెల్ల సైనికులు ఇద్దరు స్త్రీల వెంట పడ్డారు. ఆ ఇద్దరూ పరుగెత్తి రైల్వే గేటు దగ్గర ఆశ్రయం వెతుక్కున్నారు. గేటు కాపలాదారు గోలాపాళెం హంపన్న. సైనికులకు అడ్డం నిలబడ్డాడు. వాళ్లలో ఒకడు తుపాకితో కాల్చాడు. హంపన్న ఆ గాయంతోనే చనిపోయాడు.

గేటు కూలీ చావు, అదీ సైనికుడి చేతిలో. ఆ రోజుల్లో ఇలాంటి చావులు సాధారణంగా ఎక్కడ తేలేవో చెప్పనక్కర లేదు. తెల్లవాడు తన్నితే నౌకరు చచ్చాడంటే, వాడి ప్లీహం ముందే ఉబ్బి ఉందని డాక్టరు చెప్పడం, చిన్న జరిమానాతో కేసు ముగియడం దేశమంతా నలిగిన కథ. గుంతకల్లు కేసు అలా మాసిపోకుండా చేసిన వాళ్లలో కేశవపిళ్లె ముఖ్యుడు. పక్క ఊరి వకీలు, పైగా పత్రిక విలేఖరి. విషయం మద్రాసు దాకా, అక్కడి నుంచి దేశం దాకా పోయింది. ఆష్‌ఫర్డ్ అనే కార్పొరల్ మీద హత్య కేసు నడిచింది.

విచారణ మద్రాసు హైకోర్టులో జరిగింది. ఇది చదివేటప్పుడు మన విద్యార్థులు ఒక్క నిమిషం ఆగాలి. గుంతకల్లు నుంచి మద్రాసు నాలుగు వందల కిలోమీటర్లు దాటుతుంది. సాక్షులంటే ఎవరు? పట్టాల పక్క బతికే జనం. కూలి పోగొట్టుకుని, భాష రాని పట్నంలో, దొరల కోర్టులో, ఇంగ్లీషు వకీలు అడిగే ప్రశ్నలకు నిలబడాలి. హైకోర్టు జూరీలో తొమ్మిది మంది. అందులో తన రంగు వాళ్లు ఇంతమంది ఉండాలని అడిగే హక్కు నిందితుడికి చట్టం ఇచ్చింది. చనిపోయిన వాడి తరఫు జనం అలాంటిది ఏదీ అడగలేరు. ఆష్‌ఫర్డ్ నిర్దోషిగా బయటికి వచ్చాడు.

హంపన్నకు గుత్తిలో స్మారకం లేచింది. ఇద్దరు హిందూ స్త్రీలను కాపాడబోయి సైనికుడి తుపాకికి బలైన వాడని దాని మీద చెక్కారు. కోర్టు ఎవరినీ దోషి అనలేదు. రాయి మాత్రం ఎవరు ఎందుకు కాల్చారో చెప్పింది. కేశవపిళ్లె చేసిన పనుల్లో మాకు అన్నిటికన్నా నచ్చింది ఈ రాయి వెనక ఉన్న మొండితనమే. ఆ ఇద్దరు స్త్రీల పేర్లు మాత్రం దాని మీద లేవు. ఇప్పుడు బాధితురాలి పేరు బయటపెడితే శిక్ష పడుతుంది, అది ఆమె రక్షణ కోసం పెట్టిన నియమం. అప్పుడు పేర్లు లేకపోవడం అలాంటి రక్షణ కాదని మేము అనుకుంటున్నాం. కథ హంపన్నది అయింది, కేసు హత్యది అయింది, ఆ స్త్రీల మీద జరగబోయిన నేరం పక్కకు జరిగింది. 1860 శిక్షాస్మృతిలో అత్యాచారానికి యావజ్జీవ ప్రవాసం వరకు శిక్ష ఉంది, ప్రయత్నానికీ శిక్ష ఉంది. శిక్ష పుస్తకంలో లేక కాదు వాళ్లకు న్యాయం దొరకనిది.

ఆష్‌ఫర్డ్‌కు వకీలు దొరకడం తప్పా? సాక్షులను అడ్డ ప్రశ్నలు వేయడం తప్పా? కాదు. కాల్చింది వీడేనా అని అనుమానం తీరేదాకా అడగడం ఏ నిందితుడికైనా ఉండాల్సిన హక్కే. తప్పు ఎక్కడుందంటే, ఆ హక్కును రంగు చూసి కొలిచారు. ఒకడికి తన జనం కనీసం సగమున్న జూరీ, ఇంకొకడికి ఆ హక్కే లేని విచారణ. మనుస్మృతి చేసిన పని కూడా ఇదే కదా. ఒకే తప్పుకు ఒకడికి గుండు గీయడం, ఇంకొకడికి ప్రాణం తీయడం. అంబేడ్కర్ ఆ శ్లోకాల లెక్క తీసి చూపించింది అందుకే.

ఇప్పుడు జూరీ లేదు. దళిత స్త్రీ మీద అత్యాచారం జరిగితే 1989 అట్రాసిటీ చట్టం 3(2)(వి) కింద యావజ్జీవం. భారతీయ న్యాయ సంహితలో అత్యాచారానికి కనీసం పదేళ్లు, పన్నెండేళ్ల లోపు పిల్ల అయితే ఇరవై ఏళ్ల నుంచి ఉరి దాకా. అట్రాసిటీ చట్టంలో 2016 నుంచి అమలైన 15ఎ ప్రకారం బెయిలు విచారణలో బాధితురాలి మాట వినాలి, ఆమెకూ సాక్షులకూ దారి ఖర్చులు ఇవ్వాలి. గుంతకల్లు సాక్షుల మద్రాసు ప్రయాణం గుర్తుంటే ఈ దారి ఖర్చుల సెక్షన్ ఎంత పెద్దదో తెలుస్తుంది. కోసిగి పల్లెల నుంచి గుంటూరు మిరప కోతలకు వలస పోయిన కుటుంబం వాయిదాకు వెనక్కి రావాలంటే దినకూలీలు పోతాయి. శిక్ష పెంచమని ర్యాలీ తీసే మనం ఆ ఖర్చుల దరఖాస్తు ఎంతమందితో పెట్టించాం?

ఇంకో పక్క కూడా ఉంది, మన సభల్లో తక్కువగా వినబడేది. పై కులం అమ్మాయి ఇష్టపడి దళిత కుర్రవాడితో వెళ్లిపోతే, తల్లిదండ్రులు మొదట పెట్టేది కిడ్నాపు, పోక్సో, అత్యాచారం కేసులే. అప్పుడు ఆ కుర్రవాడికి కావలసింది వకీలు. రాజ్యాంగం 22వ అధికరణ ఆ హక్కు ఇచ్చింది. సెషన్స్ కోర్టులో స్తోమత లేకపోతే ప్రభుత్వ ఖర్చుతో వకీలును ఇవ్వాలి. 1987 న్యాయ సేవల చట్టం 12వ సెక్షన్ ప్రకారం దళితులకూ, ఆదివాసులకూ, స్త్రీలకూ, కస్టడీలో ఉన్నవాళ్లకూ ఉచిత న్యాయ సహాయం హక్కు. అంటే ఒకే సెక్షన్ బాధితురాలికీ, నిందితుడికీ తలుపు తీస్తుంది. 2019 డిసెంబరులో హైదరాబాదు దగ్గర నలుగురు నిందితులను విచారణ లేకుండానే పోలీసులు కాల్చేశారు. చాలామంది పూలు చల్లారు. అదే నెలలో ఆంధ్ర అసెంబ్లీ ఇరవై ఒక్క రోజుల్లో తీర్పు అంటూ దిశ బిల్లు చేసింది. తర్వాత సుప్రీంకోర్టు వేసిన సిర్పుర్కర్ కమిషన్ ఆ కాల్పులను తప్పు పట్టింది. నిందితుడి నోరు నొక్కిన తుపాకి రేపు ఎవరి వైపు తిరుగుతుందో మన వాడలకు చెప్పాలా?

కేశవపిళ్లె తర్వాతి జీవితాన్ని త్వరగా చెబుతాం. మద్రాసు శాసన మండలిలో చాలా ఏళ్లు ఉన్నారు. 1917లో కాంగ్రెసులోని బ్రాహ్మణేతరులు మద్రాసు ప్రెసిడెన్సీ అసోసియేషన్ పెట్టుకుంటే దానికి అధ్యక్షుడు ఆయనే. మద్రాసు మిల్లు కార్మికుల సంఘంతో కలిసి పనిచేశారు. మాంటేగు సంస్కరణల తర్వాత వచ్చిన మండలిలో ఉపాధ్యక్షుడు. 1922లో బ్రిటిష్ గయానాకు వెళ్లిన ప్రతినిధి వర్గానికి నాయకత్వం వహించారు. మద్రాసు రేవు నుంచి ఓడలెక్కిన తెలుగు, తమిళ కూలీల పిల్లలు అక్కడ చెరకు తోటల్లో ఎలా బతుకుతున్నారో చూసి, వెంకటేశ నారాయణ తివారీతో కలిసి నివేదిక రాశారు. వెంట వెళ్లిన ఇంగ్లీషు సభ్యుడు కీటింజ్ విడిగా వేరే నివేదిక ఇచ్చాడు.

1923లో క్రిమినల్ ప్రొసీజర్ సవరణ వచ్చి, తెల్ల నిందితుడికి ఉన్న ప్రత్యేక హక్కుల్లో చాలా భాగం పోయింది. హంపన్న చనిపోయి అప్పటికి ముప్పై ఏళ్లు. మిగిలిన ముక్కలు పూర్తిగా పోవడానికి స్వాతంత్ర్యం రావాల్సి వచ్చింది. కేశవపిళ్లె 1933 మార్చి 28న చనిపోయారు.