మాజీ సైనికుల పెద్దదిక్కు: ఫీల్డు మార్షల్ కరియప్ప

భారతము సభాపర్వమున నారదమహర్షి ధర్మరాజును రాజ్యపాలనమును గూర్చి పెక్కు ప్రశ్న లడిగెను. చెరువులు నిండియున్నవా, కొలువువారికి జీతములు వేళకు ముట్టుచున్నవా అను ప్రశ్నల నడుమ మరియొకటి కలదు. ప్రభువు కొరకు ప్రాణము లిచ్చినవారి యిల్లాండ్రను, ఆపదపాలైనవారి కుటుంబములను పోషించుచున్నావా యని ఆ ప్రశ్న. రాజులు పోయిరి, రాజ్యము ప్రజలదైనది. కావున ఆ ప్రశ్నకు ఉత్తరము చెప్పవలసిన భారము నేడు ప్రజలందరిపై నున్నది. ఆ భారమును తనదిగా నెంచి, సేనాపతి పదవిని విడిచిన పిదప గూడ సిపాయిల మేలునకై పాటుపడిన మహనీయుడు కరియప్ప.

కొడందెర మాదప్ప కరియప్ప 1899 జనవరి 28న కొడగుసీమలోని శనివారసంతె గ్రామమున జన్మించెను. తండ్రి రెవిన్యూ శాఖలో ఉద్యోగి. కొడగు చిన్న సీమయే యైనను, కాఫీ తోటలకును, సైన్యమునకు బిడ్డల నిచ్చుటకును ప్రసిద్ధి కెక్కినది. మన తెలుగునాట తాడేపల్లిగూడెము చెంతనున్న మాధవరము రెండవ ప్రపంచ యుద్ధమునకు వెయ్యిమందికి పైగా యువకులను పంపి మిలిటరీ మాధవరమని పేరొందినట్టిదే ఆ సీమ కీర్తియు. కరియప్ప మడికేరిలో చదివి, మద్రాసు ప్రెసిడెన్సీ కళాశాలలో చేరెను. మొదటి ప్రపంచ యుద్ధము ముగియు దినములలో భారతీయులకు సైన్యమున అధికారి పదవుల నీయ నారంభించిరి. ఆయన ఇండోరులో శిక్షణము పొంది, 1919లో అధికారి యయ్యెను.

ఆ కాలమున భారతీయుడు అధికారి యగుట యొక యెత్తు. ఆంగ్లేయులతో సమానముగ నిలుచుట మరియొక యెత్తు. కరియప్ప 1933లో క్వెట్టా స్టాఫు కళాశాలలో ప్రవేశించెను. అచట ప్రవేశము పొందిన తొలి భారతీయ అధికారి ఆయనయే. 1942లో ఒక పటాలమునకు నాయకత్వము వహించిన తొలి భారతీయుడును ఆయనయే. రెండవ ప్రపంచ యుద్ధమున ఇరాకు, సిరియా, ఇరాను దేశములందును, బర్మా రంగమునను పనిచేసెను. 1947లో దేశము రెండైనప్పుడు సైన్యమును గూడ పంచవలసి వచ్చెను. ఒకే పళ్లెమున తిన్న సిపాయిలను వేరుచేయు ఆ కఠిన కార్యమున ఆయనకును పాలు దక్కెను.

కాశ్మీర యుద్ధకాలమున ఆయన పశ్చిమ సైన్యమునకు అధిపతి. 1948 నవంబరులో మన సైన్యము పదకొండువేల అడుగులకు పైబడిన జోజిలా కనుమలోనికి ట్యాంకులను నడిపించి శత్రువును తరిమెను. ద్రాసు, కార్గిలు తిరిగి స్వాధీనమయ్యెను. లేహ్ పట్టణమునకు త్రోవ తెరువబడెను. 1949 జనవరి 15న ఆంగ్లేయుడైన జనరల్ బుచర్ చేతినుండి భారత సైన్యాధిపత్యమును కరియప్ప స్వీకరించెను. ఆ పదవి నధిష్ఠించిన తొలి భారతీయుడు ఆయన. ఏటేట జనవరి 15న సైనిక దినోత్సవము జరుపుకొనుట అందువలననే.

1953 జనవరిలో ఆయన పదవీ విరమణ చేసెను. పిమ్మట 1956 వరకు ఆస్ట్రేలియా, న్యూజిలాండు దేశములలో భారత హైకమిషనరుగ నుండి, మడికేరిలోని తన యింటికి చేరెను. అంతటితో విశ్రమించినను తప్పుపట్టువా రుండరు. కాని సేనాపతి విశ్రాంతి వేరు, సిపాయి విశ్రాంతి వేరు. సిపాయి ముప్పదియైదు, నలువది యేండ్ల ప్రాయముననే పటాలము వీడి యింటికి వచ్చును. అప్పటికి పిల్లల చదువులు ముగియవు, తలిదండ్రులు ముసలివారగుదురు, పొలము పాలివాండ్ర చేతనుండును. చేతికి తెలిసిన పని తుపాకి పనియే. అట్టివాడు ఒంటరిగ కచేరీల చుట్టు తిరిగి తనకు రావలసినది రాబట్టుకొనుట సులభము గాదు.

వీరి మేలునకై 1919నాడే ప్రభుత్వ పక్షమున ఒక సైనిక మండలి యేర్పడెను. నేటి కేంద్రీయ సైనిక బోర్డునకు అదియే మూలము. 1949నుండి డిసెంబరు 7న పతాక దినోత్సవము జరుపుచు విరాళములు కూర్చుచున్నారు. ఇవి కావలసినవే. కాని అడుగువాని పక్షమున నిలిచి అడుగుటకు, సైనికుల దగు సంఘము వేరొకటి కావలెను. ఆ లోటు తీర్చుటకై 1964లో ఇండియన్ ఎక్స్ సర్వీసెస్ లీగ్ అను మాజీ సైనికుల సంఘము స్థాపింపబడెను. ఆ స్థాపనమునకు పూనుకొన్నవాడు కరియప్ప. దానికి రాష్ట్రములందు శాఖ లేర్పడెను. జనరలైనవాడును, సిపాయియైనవాడును అందు సభ్యులే. పటాలమున హోదాలు తప్పవు. సంఘమున కష్టము చెప్పుకొనుటకు హోదా యక్కరలేదు.

ఈ సమభావము ఆయనకు నోటిమాట గాదనుట 1965లో లోకమునకు తెలిసెను. ఆయన కుమారుడు నందా కరియప్ప వైమానిక దళమున అధికారి. పాకిస్తానుతో జరిగిన ఆ యుద్ధపు చివరి దినములలో అతని విమానము కూలెను. అతడు శత్రువులకు బందీగ చిక్కెను. నాటి పాకిస్తాను అధ్యక్షుడు ఆయూబ్ ఖాన్ దేశవిభజనకు పూర్వము కరియప్ప క్రింద పనిచేసినవాడు. ఆ గౌరవముచే కుమారుని విడిచిపెట్టుదునని కబురంపెను. తండ్రి యంగీకరింపలేదు. బందీలైన భారత సైనికులందరు తన బిడ్డలేయనియు, తన కుమారునకు వేరు మర్యాద వలదనియు బదులు చెప్పెను. కుమారుడు తక్కిన బందీలవలెనే చెరలో నుండి, 1966లో స్వదేశము చేరెను. కన్నకొడుకును సిపాయి కొడుకును ఒకే త్రాసున తూచినవాడు సైనిక సంఘమునకు పెద్దయగుటలో వింత యేమి కలదు?

1986లో ప్రభుత్వము ఆయనకు ఫీల్డు మార్షల్ హోదా నిచ్చి గౌరవించెను. 1993 మే 15న, తొంబదినాలుగవ యేట, బెంగుళూరున ఆయన పరమపదించెను.

మొగుళ్లపల్లి చదువరులు ఈ చరిత్రనుండి గ్రహింపదగిన పని యొకటి కలదు. సైన్యమునుండి వచ్చిన ప్రతివాడును తన డిశ్చార్జి పుస్తకముతో మన ప్రాంతపు సైనిక సంక్షేమ కార్యాలయమున పేరు నమోదు చేయించుకొనవలెను. మాజీ సైనికుల సంఘమున సభ్యుడు కావలెను. భార్య పేరు, బిడ్డల పేర్లు, పుట్టినతేదీలు సైనిక రికార్డులలో నెక్కినవో లేవో తాను బ్రదికియుండగనే సరిచూచుకొనవలెను. ఆధారు కార్డులో ఒక తీరుగను, రికార్డులో మరియొక తీరుగను పేరున్నచో, భర్త పోయిన పిదప ఆ యిల్లాలు కుటుంబ పింఛనుకై నెలల తరబడి తిరుగవలసి వచ్చును. ఒక్క అక్షరము తేడా ఒక యింటి పొయ్యి నార్పగలదు. పింఛను లేని పేద మాజీ సైనికులకును, వితంతువులకును, బిడ్డల చదువులకును సైనిక బోర్డు సహాయము లిచ్చుచున్నది. అవి దరఖాస్తు చేసినవారికే దక్కును.

సైన్యమునకు పోనివారికిని ఇందు పని లేకపోలేదు. పతాక దినమున డబ్బాలో నాలుగు రూపాయలు వేయుట మేలు. చదువురాని యొక తల్లికి దరఖాస్తు వ్రాసిపెట్టి, ఆమె వెంట కార్యాలయమునకు పోయివచ్చుట అంతకన్న మేలు. గ్రంథాలయమున అక్షరము నేర్చినవారు ఆ అక్షరమును అట్టి యింటికి కొనిపోవుదురు గాక.