ఎర్ర పూసల ప్రొఫెసర్

క్వాలిటీ అనగానే మనకి ఫ్యాక్టరీలు, ఐఎస్‌ఓ సర్టిఫికెట్లు గుర్తొస్తాయి. ఆ సబ్జెక్ట్‌కి పెద్దదిక్కు లాంటి ఎడ్వర్డ్స్ డెమింగ్ 1946 నుంచి 1993 దాకా న్యూయార్క్ యూనివర్సిటీలో పాఠాలు చెప్పారన్న సంగతి చాలామందికి తెలీదు.

ఆయన 1900లో అమెరికాలోని అయోవాలో పుట్టారు. వయోమింగ్‌లో, డబ్బుకి కటకటగా ఉండే ఇంట్లో పెరిగారు. 1921లో ఎలక్ట్రికల్ ఇంజినీరింగ్ డిగ్రీ, 1928లో యేల్‌లో పీహెచ్‌డీ పూర్తి చేశారు. స్టాటిస్టిక్స్‌తో క్వాలిటీని ఎలా అదుపులో పెట్టాలో వాల్టర్ షూహార్ట్ దగ్గర నేర్చుకున్నారు.

1950లో జపాన్ వెళ్లి అక్కడి ఇంజినీర్లకి, కంపెనీ పెద్దలకి అదే నేర్పారు. సరుకు తయారయ్యాక చెడ్డవి ఏరిపారేయడం దండగ, చెడకుండా తయారయ్యేలా పద్ధతినే మార్చుకోవాలన్నది ఆయన పాఠం. మరుసటి ఏడాదే జపాన్ వాళ్లు ఆయన పేరుతో ప్రైజ్ పెట్టారు. సొంత దేశం మాత్రం 1980లో ఒక టీవీ డాక్యుమెంటరీ వచ్చాకే ఆయన్ని పట్టించుకుంది. అప్పటికి ఆయనకి 79 ఏళ్లు!

తర్వాత సెమినార్లలో ఎర్ర పూసల ఆట ఆడించేవారు. డబ్బా నిండా తెల్ల పూసలు, వాటిలో కలిసిపోయి కొన్ని ఎర్రవి. 50 గుంటలున్న చెక్కని ముంచి పూసలు తీయాలి. ఎర్రవి తక్కువొస్తే మెప్పు, ఎక్కువొస్తే తిట్లు. ఎంత కష్టపడినా ఏం లాభం? ఎర్రవి డబ్బాలోనే ఉన్నాయి కదా!

కాలేజీల్లో ర్యాంకులు, గ్రేడ్లు కూడా చాలావరకు ఇలాంటివేనని ఆయన నమ్మారు. 1993లో వచ్చిన ‘ది న్యూ ఎకనామిక్స్’ పుస్తకంలో చదువుల గురించి కూడా రాశారు. తన స్టూడెంట్ల పేపర్లు చదివేటప్పుడు ఆయన చూసుకునేవి మూడే. తను పాఠం ఎలా చెప్తున్నారు, ఎవరికి సాయం కావాలి, బాగా చదివే ఎవరికి ఇంకొంచెం పెద్ద పని ఇవ్వొచ్చు. అంటే పరీక్ష ముందు టీచర్‌కి, తర్వాతే స్టూడెంట్‌కి. మన బద్ధకానికి ఇది సాకు కాదు. కానీ ఒక సబ్జెక్ట్‌లో సగం క్లాసు ఫెయిలైతే, బ్యాక్‌లాగ్ లిస్ట్ అతికించి ఊరుకోవడం ఆయన లెక్కలో క్వాలిటీ కాదు. సిలబస్, టైంటేబుల్, ల్యాబ్, బోధన అన్నీ తిరిగి చూసుకోవాలి.

1993 డిసెంబర్‌లో, 93 ఏళ్ల వయసులో ఆయన చనిపోయారు. ఇవాళ కాలేజీల్లో క్వాలిటీ పేరుతో బోలెడన్ని ఫైళ్లు తయారవుతున్నాయి. వాటిలో డబ్బా లోపలికి తొంగిచూసే ఫైల్ ఒక్కటున్నా చాలు.