బడి మార్చేముందు

జూన్ వస్తోందంటే మా నర్సీపట్నంలో తల్లులకి ఒకటే బెంగ. పిల్లాడు చురుగ్గా ఉన్నాడు, ఈ బడి చాలదేమో, ఎల్‌కేజీకి ఇంకోచోట వేద్దామా అని. పక్కింటి వదిన అదే అడిగితే నాకు మరియా మాంటిస్సోరి గుర్తొచ్చింది.

1870లో ఇటలీలో పుట్టింది. 1896లో డాక్టరైంది. 1898లో పెళ్లి కాకుండానే కొడుకు మారియో పుడితే, లోకానికి జడిసి వాణ్ణి పల్లెలో పెంపకానికిచ్చింది. కన్నబిడ్డ దూరమైన ఆ తల్లే 1907లో రోమ్‌లోని ఓ పేదవాడలో పసిపిల్లలకి బడి పెట్టింది. అక్కడ మూడేళ్లవాళ్లూ ఆరేళ్లవాళ్లూ ఒకే గదిలో ఉండేవారు. చురుకైనవాడు పెద్దపిల్లల పని చూసి నేర్చేసుకునేవాడు. వాణ్ణి ఆపేవారూ లేరు, తోసేవారూ లేరు. టీచరు చెప్పేది తక్కువ, గమనించేది ఎక్కువ.

కొడుకు పెద్దవాడయ్యాక తల్లి దగ్గరికే చేరాడు. 1939లో ఇద్దరూ మద్రాసు అడయారు వచ్చి టీచర్లకి శిక్షణ ఇచ్చారు. అప్పుడు మన ఊరూ ఆ మద్రాసు రాజధానిలోదే. 1952లో హాలెండ్‌లో ఆమె కన్నుమూసింది.

వదినకి నేను చెప్పిందింతే. ఓ పూట బడికెళ్లి వాణ్ణి చూడండి. ఏదో పనిలో మునిగిపోయి మిమ్మల్ని చూడకపోతే అక్కడే ఉంచండి. చేతులు కట్టుకుని గంట కోసం కూర్చుంటే మార్చండి. ఎదురింటివాళ్లు మార్చారని మాత్రం మార్చకండి.