హైదరాబాదుకు వచ్చిన సర్మద్

ఎల్.టి.సి. మీద ఢిల్లీ వెళ్ళిన మన సభ్యులు చాలామంది జామా మసీదు చూసే ఉంటారు. దాని తూర్పు ద్వారం వైపు ఎర్రరంగు వేసిన చిన్న దర్గా ఉంది. అది సర్మద్‌ది. ఆయన మన హైదరాబాదులో కూడా ఉన్నాడన్న సంగతి పాతబస్తీలో పుట్టి పెరిగిన వారిలో చాలామందికి తెలియదు.

సర్మద్ ఇరాన్‌లో యూదు కుటుంబంలో పుట్టి, ఇస్లాం స్వీకరించి, ముల్లా సద్రా వంటి పండితుల వద్ద చదివాడు. వర్తకం మీద సింధ్‌లోని థట్టాకు వచ్చి, అక్కడ అభయచంద్ అనే హిందూ యువకునిపై ప్రేమలో పడ్డాడు. సరుకు, సంపాదన, చివరికి ఒంటిమీది బట్టలు కూడా వదిలేశాడు. ఆ ప్రేమలో కల్మషం లేదని నమ్మి అభయచంద్ తండ్రి ఆయనను తన ఇంట్లోకి రానిచ్చాడు. అభయచంద్ ఆయన వద్ద చదువుకుని, యూదుల ధర్మగ్రంథమైన తౌరాత్‌లో కొంత భాగాన్ని పారశీకంలోకి అనువదించాడు.

1647లో, అబ్దుల్లా కుతుబ్‌షా పాలనలో, సర్మద్ హైదరాబాదులో ఉన్నాడు. వివిధ మతాలను గురించి దబిస్తాన్ అనే పారశీక గ్రంథం రాసినాయన ఇక్కడే ఆయనను కలిసి ఈ వివరాలన్నీ గ్రంథస్థం చేశాడు. అభయచంద్ అనువాదాన్నీ అందులో చేర్చాడు.

తరువాతి వారిలో కొందరు దీనిని ఉత్త గురుశిష్య బంధంగా దిద్దారు. మౌలానా ఆజాద్ మాత్రం 1910లో ఉర్దూలో రాసిన వ్యాసంలో ఆ ప్రేమను దాచలేదు. ఏళ్ళ తరబడి ఫైళ్ళు నడిపిన గుమాస్తాగా నాకు ఆయన పద్ధతే నచ్చింది. కాగితం మీద ఉన్నది కొట్టేయరాదు, లేనిది చేర్చరాదు. రోము చక్రవర్తి హేడ్రియన్‌కు అంటినోవస్ అనే యువకునిపై ఉన్న ప్రేమను ఫ్రెంచి రచయిత్రి మార్గరిట్ యూర్సెనార్ 1951లో అచ్చయిన తన నవలలో దాపరికం లేకుండా చిత్రించింది. అందుకామె ఏళ్ళ తరబడి పాత గ్రంథాలు శోధించింది. సర్మద్ మీద చారిత్రక నవల రాయబూనిన వారెవరైనా అంత శ్రమా పడాలి, హైదరాబాదు అధ్యాయాన్నీ వదలకూడదు.

సర్మద్ తరువాత ఢిల్లీ చేరి దారా షికోకు ఆప్తుడయ్యాడు. 1659లో దారాను చంపించిన ఔరంగజేబు, 1661లో సర్మద్ తల తీయించాడు. దిగంబరంగా తిరగడం, కలిమా సగమే చదవడం నేరాలన్నారు. దారాతో స్నేహమే అసలు కారణమని చాలామంది చరిత్రకారుల అభిప్రాయం.

సర్మద్ ఇక్కడున్న రోజుల్లో మన మక్కా మసీదు ఇంకా కడుతూనే ఉన్నారు. 1694లో దానిని పూర్తి చేయించింది ఔరంగజేబే.