ఆర్మ్‌స్ట్రాంగ్ మహాశయుని అన్వేషణ పద్ధతి

బి.ఎడ్. శిక్షణకు వెళ్ళే పట్టభద్రులు విజ్ఞానశాస్త్ర బోధనలో అన్వేషణ పద్ధతి అనే అధ్యాయం చదువుతారు. ఆర్మ్‌స్ట్రాంగ్ పేరును, నిర్వచనాన్ని కంఠస్థం చేసి పరీక్షలో వ్రాసి వస్తారు. కంఠస్థ విద్యపై జీవితాంతం పోరాడిన పండితునికి ఇంతకంటె అన్యాయం మరొకటి లేదని మేము భావిస్తున్నాము.

హెన్రీ ఎడ్వర్డ్ ఆర్మ్‌స్ట్రాంగ్ 1848లో లండన్ ప్రాంతాన లూయిషాంలో జన్మించారు. జర్మనీలోని లైప్జిగ్‌లో కోల్బే వద్ద రసాయనశాస్త్రం అభ్యసించి డాక్టరేటు పొందారు. 28వ ఏటనే, 1876లో, రాయల్ సొసైటీ సభ్యులైనారు. 1884 నుండి లండన్‌లోని సౌత్ కెన్సింగ్టన్‌లో ఆచార్యులుగా ఉన్నారు.

ఆనాటి బడులలో ఉపాధ్యాయుడు ప్రయోగం చేసి చూపేవాడు. పిల్లలు చూచి వ్రాసుకొనేవారు. ఆర్మ్‌స్ట్రాంగ్ త్రాసును, కొలబద్దను పిల్లల చేతికే ఇవ్వమన్నారు. పొడవు, బరువు, సాంద్రత కొలవడంతో చదువు ఆరంభం. తరువాత ఒక సమస్య. తుప్పు ఇనుమును తినివేస్తుందని లోకం అనుకుంటుంది. అయితే తుప్పు పట్టిన ఇనుము బరువు తగ్గాలి కదా? తూచి చూస్తే పెరిగి ఉంటుంది! ఆ అదనపు బరువు ఎక్కడిది? తడి ఇనుప రజనును నీటిపై బోర్లించిన జాడీలో ఉంచితే, కొన్నాళ్ళకు లోపలి గాలిలో సుమారు అయిదవ వంతు తరిగి, నీరు పైకి వస్తుంది. గాలిలోని భాగమే ఇనుములో చేరిందని పిల్లవాడు తానే గ్రహించాలి. ఆక్సిజన్ అనే పేరు ఆ తరువాతి మాట. ఎందుకు చేశాడో, ఏమి చూశాడో, దానివలన ఏమి తేలిందో బల్ల వద్దనే తన మాటల్లో వ్రాయాలి.

ఇట్లా బోధించాలంటే ఉపాధ్యాయుడు ముందుగా ఆ మార్గాన నడిచి ఉండాలి. 1890 దశకంలో ఆయన శిష్యుడు హ్యూ గోర్డన్, అనంతరం హెల్లర్ లండన్ స్కూల్ బోర్డు పాఠశాలలలో ఈ ప్రణాళికను అమలుపరిచి, ఉపాధ్యాయుల చేత కూడ ఈ కొలతలే చేయించారు. జవాబులు చెప్పడానికి అలవాటుపడిన పెద్దలకు ప్రశ్నతో నిరీక్షించడం ఎంత కష్టమో ఊహించవచ్చును.

లోపాలు లేకపోలేదు. సర్వమూ పిల్లలే కనుగొనాలంటే కాలం చాలదు. 1918లో జె.జె. థామ్సన్ అధ్యక్షతన వెలువడిన నివేదిక, ప్రయోగశాలలో కాలం అధికంగా వ్యయమవుతున్నదని విమర్శించింది. ఆ విమర్శలో సత్యమున్నదనే మా అభిప్రాయం. మరొక విచిత్రం: సాక్ష్యాన్నే నమ్మమని పిల్లలకు బోధించిన ఈయన, అర్హీనియస్ అయాను సిద్ధాంతాన్ని కడదాకా అంగీకరించలేదు.

1937లో, 89వ ఏట మరణించేవరకు ఆయన కలానికి విశ్రాంతి లేదు.