ఋగ్వేద నిఘంటుకర్త గణితం: హెర్మన్ గ్రాస్‌మాన్ జీవితం

జర్మన్ నగరం లైప్‌జిగ్‌లో 1864లో ఒక ప్రచురణకర్త తన గిడ్డంగిలో ఇరవై ఏళ్లుగా అమ్ముడుపోకుండా పడివున్న ఒక పుస్తకాన్ని చిత్తుకాగితాల కింద వదిలించుకున్నాడు. దాదాపు 600 ప్రతులు ఆ విధంగా నశించాయి. దాని పేరును తెలుగులో చెప్పుకోవాలంటే రేఖీయ విస్తార సిద్ధాంతం. దానిని రచించినది స్టెటిన్ పట్టణంలోని ఒక పాఠశాల ఉపాధ్యాయుడు, హెర్మన్ గ్యుంటర్ గ్రాస్‌మాన్. ఆ పుటలలో ఆయన నిర్మించిన బీజగణితమే తరువాతి శతాబ్దంలో పదార్థ స్వభావాన్ని వర్ణించే భాష అయింది. అయితే ఆయన బతికి ఉండగా ఆయనకు పెద్ద గౌరవాలు తెచ్చిపెట్టినది గణితం మాత్రమే కాదు. భారతదేశపు ఋగ్వేదం కూడా.

గ్రాస్‌మాన్ 1809 ఏప్రిల్ 15న ప్రష్యా రాజ్యంలోని స్టెటిన్‌లో జన్మించారు. నేడు ఆ నగరం పోలండ్‌లో ష్చెచిన్ అనే పేరుతో ఉంది. పన్నెండుమంది సంతానంలో ఆయన మూడవవాడు. తండ్రి యుస్టుస్ గ్రాస్‌మాన్ స్థానిక ఉన్నత పాఠశాలలో గణితం, భౌతికశాస్త్రం బోధించేవారు. జ్యామితిపై పాఠ్యపుస్తకాలు రచించారు. బాల్యంలో హెర్మన్ చదువులో చురుకుగా కనిపించలేదు. ఈ పిల్లవాడు తోటపనికో, ఏదైనా చేతివృత్తికో సరిపోతాడని తండ్రే భావించారు.

1827లో ఆయన బెర్లిన్ విశ్వవిద్యాలయంలో చేరారు. అక్కడ అభ్యసించినది క్రైస్తవ ధర్మశాస్త్రం, ప్రాచీన భాషలు, తత్త్వశాస్త్రం. గణితంలో ఒక్క తరగతికైనా హాజరు కాలేదు. 1830లో స్వస్థలానికి తిరిగివచ్చిన తరువాతనే తండ్రి పుస్తకాల ఆధారంగా గణితాన్ని స్వయంగా సాధన చేశారు. 1834లో బెర్లిన్‌లోని ఒక వృత్తివిద్యా పాఠశాలలో ఖాళీ అయిన ఉద్యోగం ఆయనకు లభించింది. అంతకుముందు ఆ స్థానంలో పనిచేసిన యాకోబ్ స్టైనర్ ప్రక్షేప జ్యామితిలో ఆ కాలపు మేటి. స్టైనర్ పాఠశాల నుంచి విశ్వవిద్యాలయ ఆచార్య పదవికి వెళ్లారు. గ్రాస్‌మాన్ మాత్రం ఏడాది తిరిగేసరికి స్టెటిన్‌లోని మరో పాఠశాలకు మరలారు. ఆ తరువాత ఆయన ఉద్యోగ జీవితమంతా ఆ పట్టణంలోనే గడిచింది.

పై తరగతులకు గణితం బోధించే అర్హత కోసం ఆయన 1840లో పరీక్షాధికారులకు ఒక వ్యాసం సమర్పించారు. విషయం సముద్రపు ఆటుపోట్లు. సుమారు రెండు వందల పుటల ఆ వ్యాసంలో దిశ కలిగిన రాశులను నేరుగా కూడి, గుణించే ఒక కొత్త పద్ధతిని ప్రయోగించారు. పాఠశాలల్లో నేడు సదిశలు అనే పేరుతో బోధిస్తున్న గణితానికి అది తొలిరూపాలలో ఒకటి. పరీక్షకులు ఉత్తీర్ణత ఇచ్చారు గాని, అందులోని కొత్తదనాన్ని గుర్తించలేదు. ఆ వ్యాసం అచ్చులోకి వచ్చేసరికి 1911వ సంవత్సరం అయింది.

అదే పద్ధతిని విస్తరించి 1844లో తన ప్రధాన గ్రంథాన్ని వెలువరించారు. దాని మూల భావన సరళమైనది. రెండు బిందువుల గుణకారం వాటిని కలిపే రేఖను ఇస్తుంది. ఆ రేఖను మూడవ బిందువుతో గుణిస్తే తలం వస్తుంది. అలాగే దిశ కలిగిన రెండు పొడవుల లబ్ధం వాటి మధ్య ఏర్పడే సమాంతర చతుర్భుజపు వైశాల్యం. గుణించే క్రమాన్ని తారుమారు చేస్తే ఫలితం గుర్తు మారుతుంది; ధనం ఋణమవుతుంది. ఒక పొడవును దానితోనే గుణిస్తే వైశాల్యమే ఏర్పడదు కనుక ఫలితం సున్నా. మామూలు సంఖ్యల్లో సున్నా కాని దేని వర్గమూ సున్నా కాదు. గ్రాస్‌మాన్ రాశుల్లో మాత్రం అది సహజ నియమం. ఈ గణితాన్ని ఆయన మూడు మితులకే పరిమితం చేయలేదు. ఎన్ని మితులకైనా వర్తించేలా నిర్మించారు.

గణితజ్ఞులు ఆ గ్రంథాన్ని చదవలేకపోయారు. తాత్త్విక ఉపోద్ఘాతంతో, కొత్త పరిభాషతో నిండిన ఆ రచన వారికి కొరుకుడుపడలేదు. సమీక్ష రాయవలసిందిగా కోరితే ప్రసిద్ధ జ్యామితివేత్త మోబియస్ అంగీకరించలేదు. చివరికి గ్రాస్‌మాన్ తన పుస్తకానికి తానే పరిచయ వ్యాసం రాసుకోవలసి వచ్చింది. 1846లో లైప్‌జిగ్‌లోని ఒక విద్వత్సంస్థ జ్యామితి అంశంపై నిర్వహించిన పోటీలో ఆయనకు బహుమతి లభించింది. ఆ పోటీకి వచ్చిన రచన అదొక్కటే. మరుసటి ఏడాది విశ్వవిద్యాలయ పదవి కోసం ప్రష్యా విద్యాశాఖకు దరఖాస్తు పెట్టుకున్నారు. అభిప్రాయం కోరగా గణితజ్ఞుడు కుమ్మర్, ఆ పరిశోధనలో సారం ఉన్నా రూపం లోపభూయిష్టమని నివేదించారు. దానితో ఆ ద్వారం మూసుకుపోయింది.

1848 విప్లవ కాలంలో సోదరుడు రాబర్ట్‌తో కలిసి రాజ్యాంగబద్ధ రాచరికాన్ని సమర్థించే పత్రికను నడిపారు. 1849లో మరీ తెరేస్ క్నాపెను వివాహమాడారు. వారికి పదకొండుమంది పిల్లలు కలిగారు. యుక్తవయసుకు చేరినవారు ఏడుగురు. 1852లో తండ్రి మరణానంతరం ఆయన నిర్వహించిన ఉపాధ్యాయ పదవే కుమారునికి దక్కింది. రంగుల మిశ్రమాలపై 1853లో గ్రాస్‌మాన్ ప్రకటించిన నియమాలు వర్ణశాస్త్రంలో ఈనాటికీ ఆయన పేరుతోనే చలామణిలో ఉన్నాయి.

1862లో విస్తార సిద్ధాంతాన్ని కొత్తగా, కేవలం గణిత రూపంలో తిరగరాసి సొంత ఖర్చుతో 300 ప్రతులు అచ్చు వేయించారు. ఈ శ్రమ వృథా కాదని, ఎంత ఆలస్యమైనా ఈ భావనలు ఒకనాటికి ఫలిస్తాయని దాని పీఠికలో విశ్వాసం ప్రకటించారు. అయినా రెండవ గ్రంథానికీ మొదటి దాని గతే పట్టింది. అప్పటికి యాభై ఏళ్లు దాటిన ఆయన తన సమయంలో అధిక భాగాన్ని భాషాశాస్త్రానికి, సంస్కృతానికి మళ్లించారు.

ఇక్కడ ఫలితం త్వరగా వచ్చింది. సంస్కృతంలో ధా అనే ధాతువును ద్విత్వం చేస్తే ధధాతి అని రావాలి. కాని వచ్చేది దధాతి. భూ ధాతువు నుంచి బభూవ వస్తుంది గాని భభూవ రాదు. సంస్కృతంలోని ఈ మార్పు పాణినీయులకు తెలిసినదే. ఒకే పదంలో దగ్గర దగ్గరగా రెండు మహాప్రాణాలు వస్తే మొదటిది ఒత్తును కోల్పోతుందని, సంస్కృతంతో పాటు ప్రాచీన గ్రీకు భాషలోనూ ఈ నియమం పనిచేసిందని గ్రాస్‌మాన్ 1863లో నిరూపించారు. జర్మన్ భాషల ధ్వని పరిణామంలో పండితులను వేధిస్తున్న కొన్ని మినహాయింపులకు దానితో సమాధానం దొరికింది. చారిత్రక భాషాశాస్త్రంలో అది గ్రాస్‌మాన్ నియమంగా స్థిరపడింది.

తరువాత ఆయన ఋగ్వేదానికి పూనుకున్నారు. పది మండలాలు, 1028 సూక్తాలు. వాటిలోని ప్రతి పదాన్నీ, దాని వివిధ రూపాలనూ, అవి వచ్చే చోట్లనూ సేకరించి 1873 నుంచి 1875 వరకు నిఘంటువును వెలువరించారు. పాఠశాలలో బోధన సాగిస్తూనే ఒక్కరే చేసిన కృషి అది. 1876, 1877 సంవత్సరాల్లో ఋగ్వేదానికి జర్మన్ ఛందస్సులో అనువాదాన్ని రెండు సంపుటాలుగా అందించారు. 1876లో ట్యూబింగెన్ విశ్వవిద్యాలయం గౌరవ డాక్టరేట్ ప్రదానం చేసింది. అమెరికన్ ఓరియంటల్ సొసైటీ సభ్యత్వమిచ్చింది. వేద పరిశోధకులు ఆ నిఘంటువును ఇప్పటికీ సంప్రదిస్తున్నారు.

గణితంలో గుర్తింపు ఆలస్యంగా మొదలైంది. 1867లో హెర్మన్ హాంకెల్ తన గ్రంథంలో ఆయన కృషిని వివరించారు. 1871లో గ్యోటింగెన్ విజ్ఞాన పరిషత్తు ఆయనను సభ్యునిగా ఎన్నుకుంది. ఆ ఉత్సాహంతో గ్రాస్‌మాన్ మళ్లీ గణిత వ్యాసాలు రాశారు, 1844 నాటి గ్రంథానికి పునర్ముద్రణ సిద్ధం చేశారు. దానిని చేత పట్టుకునే అదృష్టం కలగలేదు. 1877 సెప్టెంబర్ 26న గుండె జబ్బుతో స్టెటిన్‌లోనే కన్నుమూశారు. పుస్తకం మరుసటి ఏడాది వెలువడింది.

ఆయన రాశులకు ప్రకృతిలో ఉన్న స్థానం ఇరవయ్యవ శతాబ్దంలో బయటపడింది. కణాలు రెండు జాతులు. కాంతి కణాల వంటివి బోసాన్లు. భారతీయ శాస్త్రవేత్త సత్యేంద్రనాథ్ బోస్ పేరు మీదుగా వచ్చిన పేరు అది. ఎలక్ట్రాన్ల వంటివి ఫెర్మియాన్లు. ఒకే స్థితిలో రెండు ఎలక్ట్రాన్లు ఉండజాలవని 1925లో పౌలి ప్రతిపాదించారు. రెండింటి స్థానాలను మార్చితే వర్ణన గుర్తు మారుతుంది. రెండూ ఒకే స్థితిలో ఉంటే లబ్ధం సున్నా. స్టెటిన్ ఉపాధ్యాయుని గుణకారం ఇదే. మాస్కో గణితజ్ఞుడు ఫెలిక్స్ బెరెజిన్ 1960ల్లో ఈ రాశులతో కలన గణితాన్ని రూపొందించారు.

బోసాన్లను, ఫెర్మియాన్లను ఒకే కుటుంబంగా చూసే సూపర్‌సిమెట్రీ సిద్ధాంతం 1970ల ఆరంభంలో వెలసింది. ఆ సమయంలో, అవిభక్త భారతదేశపు పంజాబ్‌లో జన్మించిన పాకిస్తాన్ శాస్త్రవేత్త అబ్దుస్ సలాం ఇటలీలోని ట్రియెస్టేలో పనిచేస్తున్నారు. జాన్ స్ట్రాత్‌డీతో కలిసి ఆయన 1974లో సూపర్‌స్పేస్ అనే భావనను ప్రవేశపెట్టారు. అందులో స్థలకాలాలకు చెందిన నాలుగు మామూలు నిరూపకాలతో పాటు మరో నాలుగు గ్రాస్‌మాన్ నిరూపకాలు ఉంటాయి. వాటిని కొలబద్దతో కొలవడం సాధ్యం కాదు. ప్రతి ఒక్కదాని వర్గం సున్నా. ఆ దిశల్లో జరిపే కదలిక బోసాన్‌ను ఫెర్మియాన్‌గా మారుస్తుంది.

స్టైనర్ కాలపు జ్యామితి కూడా ఇక్కడికి చేరింది. దూరాన కలిసినట్లు కనిపించే రైలు పట్టాల మాదిరిగా, సమాంతర రేఖలకు అనంతంలో కలయిక కల్పించేది ప్రక్షేప జ్యామితి. సూపర్‌సిమెట్రీ రెట్టింపైన సిద్ధాంతాలకు సలాం, స్ట్రాత్‌డీల స్థలం చాలలేదు. 1984లో కార్ల్‌హెడె, లిండ్‌స్ట్రోమ్, రోచెక్ దానికి సంకీర్ణ సంఖ్యల ప్రక్షేప రేఖను జోడించి ప్రక్షేప సూపర్‌స్పేస్‌ను నిర్మించారు.

సూపర్‌సిమెట్రీ సూచించిన కొత్త కణాలు జెనీవా సమీపంలోని మహా కణత్వరణ యంత్రంలో ఇంతవరకు కనిపించలేదు. అది ప్రకృతి నియమమా కాదా అన్నది ప్రయోగాలే తేల్చాలి. ఆ సిద్ధాంతం నిలవకపోయినా గ్రాస్‌మాన్ బీజగణితానికి వచ్చే లోటు లేదు. ఎలక్ట్రాన్లు, క్వార్కుల ప్రవర్తనను గణించే నేటి పద్ధతులు ఆ రాశుల మీదనే నడుస్తున్నాయి. చిత్తుకాగితాలుగా పోయిన ఆ 600 ప్రతులలో ఉన్న నియమం ఇప్పుడు భౌతికశాస్త్ర విద్యార్థుల పాఠ్యాంశం.