ఫ్రాంక్ జూలియన్ స్ప్రేగ్

ఫ్రాంక్ జూలియన్ స్ప్రేగ్ (జూలై 25, 1857 – అక్టోబరు 25, 1934) అమెరికాకు చెందిన సుప్రసిద్ధ విద్యుత్ ఇంజనీరు, ఆవిష్కర్త. విద్యుత్ ట్రామ్‌ను లాభదాయకంగా నడపవచ్చని నిరూపించినవాడు, రైలులోని అన్ని పెట్టెల మోటార్లను ఒకే చోటినుండి నడిపే బహుళ యూనిట్ నియంత్రణ పద్ధతిని కనిపెట్టినవాడు ఈయనే. ప్రపంచంలోని భూగర్భ రైళ్ళు, మెట్రోలు, నగర లోకల్ రైళ్ళు చాలావరకు ఈ సూత్రం మీదనే నడుస్తున్నాయి. నెల్లూరు తీరాన చిట్టమూరు వైపునుండి చెన్నై వెళ్ళేవారు సూళ్ళూరుపేటలో ఎక్కే ఎలక్ట్రిక్ లోకల్ రైలు కూడా ఈ కోవకు చెందినదే.

బాల్యం, విద్య

స్ప్రేగ్ కనెక్టికట్ రాష్ట్రంలోని మిల్‌ఫర్డ్‌లో జన్మించాడు. చిన్నతనంలోనే తల్లి మరణించడంతో మసాచుసెట్స్‌లోని నార్త్ ఆడమ్స్‌లో మేనత్త వద్ద పెరిగాడు. అనాపొలిస్ నౌకాదళ అకాడమీలో చదివి 1878లో పట్టభద్రుడయ్యాడు. 1882లో లండను క్రిస్టల్ పాలెస్‌లో జరిగిన విద్యుత్ ప్రదర్శనకు నౌకాదళం తరఫున హాజరయ్యాడు. అప్పట్లో లండను భూగర్భ రైళ్ళను ఆవిరి యంత్రాలే లాగేవి. సొరంగాలలో నిండిన పొగను చూసిన స్ప్రేగ్‌కు ఆ రైళ్ళను విద్యుత్తుతో నడపాలన్న ఆలోచన కలిగింది. 1883లో నౌకాదళానికి రాజీనామా చేసి థామస్ ఎడిసన్ వద్ద చేరాడు. ఎడిసన్ దృష్టి ముఖ్యంగా దీపాల మీద ఉండగా, స్ప్రేగ్ ఆసక్తి మోటార్ల మీద ఉండేది. అందువలన 1884లో బయటకు వచ్చి సొంత సంస్థ స్థాపించాడు.

రిచ్‌మండ్ ట్రామ్‌వే

1886లో న్యూయార్క్ ఎత్తు రైలుమార్గంపై ఈయన ప్రయోగాలు జరుపుతుండగా, ఆ మార్గం యజమాని జే గౌల్డ్ చూడడానికి వచ్చాడు. ఆ సమయంలో ఫ్యూజు పెద్ద శబ్దంతో పేలింది. బెదిరిన గౌల్డ్ మరల అటువైపు చూడలేదు.

1887లో వర్జీనియా రాష్ట్రపు రిచ్‌మండ్ నగరంలో ట్రామ్‌వే నిర్మాణానికి స్ప్రేగ్ ఒప్పందం కుదుర్చుకున్నాడు. సుమారు 12 మైళ్ళ పట్టాలు, 40 బండ్లు, విద్యుత్ కేంద్రం అన్నీ 90 రోజులలో సిద్ధం చేయాలి. పని సంతృప్తికరంగా ఉంటేనే 1,10,000 డాలర్లు ముడతాయి. అప్పటికి అంతటి వ్యవస్థ ఎక్కడా లేదు. ఒప్పందం కుదిరిన కొద్దికాలానికే స్ప్రేగ్ టైఫాయిడ్‌తో మంచం పట్టాడు. కోలుకుని వచ్చేసరికి పట్టాలు నాసిరకంగా ఉన్నాయి, కొన్నిచోట్ల వాలు నూటికి పది వంతుల దాకా ఉంది. మోటార్లు తరచుగా కాలిపోయేవి. మోటారు ఒక కొనను ఇరుసుపై, రెండవ కొనను స్ప్రింగుపై ఆనించే అమరిక ద్వారా పళ్ళచక్రాలు అదుపు తప్పకుండా చేశాడు. 1888 ఫిబ్రవరి 2న ప్రయాణికుల సేవ ప్రారంభమైంది. ఈ పనిలో ఈయన చాలా ధనం నష్టపోయాడు.

అదే సంవత్సరం బోస్టన్ ట్రామ్ సంస్థ అధ్యక్షుడు హెన్రీ విట్నీ రిచ్‌మండ్‌కు వచ్చాడు. ఒకేచోట అనేక బండ్లు కదిలితే విద్యుత్ సరఫరా నిలువదని అతని సహచరుల సందేహం. ఒక రాత్రి స్ప్రేగ్ 22 బండ్లను వరుసగా నిలిపి, ఒకదాని వెనుక ఒకటి కదిలించాడు. దీపాలు మసకబారినా బండ్లు ఆగలేదు. బోస్టన్ విద్యుత్ ట్రామ్‌లనే ఎంచుకుంది. రెండేళ్ళలో నూరుకు పైగా ట్రామ్‌వేలు స్ప్రేగ్ పరికరాలతో నిర్మాణమో ఒప్పందమో పొందాయి. 1890లో ఎడిసన్ సంస్థ ఈయన సంస్థను కలుపుకున్నది. పరికరాల మీద స్ప్రేగ్ పేరు తొలగించబడడం ఈయనను బాధించింది.

బహుళ యూనిట్ నియంత్రణ

తరువాత స్ప్రేగ్ విద్యుత్ లిఫ్టులు తయారుచేశాడు. లిఫ్టులను దూరంనుండి నడిపే పద్ధతే రైలుకూ పనికివస్తుందని గ్రహించాడు. అంతవరకు రైలును ఇంజను లాగేది. పెట్టెలు పెరిగినకొద్దీ వేగం అందుకోవడం ఆలస్యమయ్యేది, గమ్యస్థానంలో ఇంజనును రెండవ కొనకు మార్చవలసి వచ్చేది. స్ప్రేగ్ పద్ధతిలో పెట్టెలకే మోటార్లు, వాటి కంట్రోలర్లు ఉంటాయి. డ్రైవరు పిడిని తిప్పినప్పుడు, రైలు పొడవునా సాగే సన్నని తీగల ద్వారా తక్కువ విద్యుత్తుతో కూడిన సంకేతం మాత్రమే వెళ్ళి, అన్ని కంట్రోలర్లను ఒకేసారి కదిలిస్తుంది. మోటారు పెట్టెలు పెరిగితే శక్తీ పెరుగుతుంది. రైలును ఏ కొననుండైనా నడపవచ్చు.

1897లో షికాగో సౌత్‌సైడ్ ఎత్తు రైలుమార్గపు ఒప్పందానికి ఈయన 1,00,000 డాలర్ల పూచీ కట్టాడు. ఆ జూలైలో షెనెక్టడీలో జరిగిన ప్రదర్శనలో ఆరు పెట్టెల రైలును పదేళ్ళ కుమారుని చేత నడిపించాడు. 1900లో ఇంజన్లతో మొదలైన సెంట్రల్ లండన్ రైల్వే, వాటి బరువు వలన భవనాలు అదురుతున్నాయన్న ఫిర్యాదులతో 1903లో ఈ పద్ధతికి మారింది. 1904లో ప్రారంభమైన న్యూయార్క్ భూగర్భ రైలు మొదటినుండీ దీనినే వాడింది. భారతదేశంలో 1925లో బొంబాయిలో, 1931లో మద్రాసులో విద్యుత్ లోకల్ రైళ్ళు మొదలయ్యాయి.

చివరి సంవత్సరాలు

1902లో తన సంస్థను జనరల్ ఎలక్ట్రిక్‌కు అమ్మాడు. న్యూయార్క్ గ్రాండ్ సెంట్రల్ మార్గాల విద్యుదీకరణలో పాల్గొని, విలియం విల్గస్‌తో కలిసి అడుగువైపునుండి విద్యుత్తు అందించే మూడవ పట్టాను రూపొందించాడు. 1910లో ఎడిసన్ పతకం ఈయనకు లభించింది. 1934లో న్యూయార్క్‌లో మరణించగా ఆర్లింగ్టన్ జాతీయ శ్మశానవాటికలో ఖననం చేశారు. భర్తకు దక్కవలసిన ఖ్యాతి ఎడిసన్‌కు పోయిందని వాదిస్తూ భార్య హ్యారియెట్ 1947లో ఒక పుస్తకం ప్రచురించింది.

సిమ్యులేటర్లలో

ఔత్సాహికులు తయారుచేసిన ఓపెన్ బీవీఈ వంటి రైలు సిమ్యులేటర్లలో న్యూయార్క్ తదితర నగరాల భూగర్భ మార్గాలను కంప్యూటరుపై నడపవచ్చు. ఒక్కొక్క మెట్టు వద్ద రైలుకు ఎంత త్వరణం రావాలో ఒక ఫైలులో వ్రాసి ఉంటుంది. ఆటగాడు మీటతో ఒక మెట్టు పెంచితే రైలంతా ఒక్కటిగా కదులుతుంది. 1897లో ఆ బాలుడు షెనెక్టడీలో చేసినదీ ఇదే.